శిక్షణ కోసం, స్వేచ్ఛ కోసం: 19వ శతాబ్దపు ఐరోపాలో మహిళా చిత్రకారులు

పందొమ్మిదో శతాబ్దపు ఐరోపాలో ఆడపిల్ల బొమ్మలు వేస్తానంటే ఎవరూ వద్దనలేదు. కలిగిన ఇళ్లలో పియానో, కుట్టుపని, పరాయి భాషతోపాటు నీటిరంగుల బొమ్మలు కూడా పెళ్లీడు పిల్లలకు నేర్పించేవారు. గోడకు తగిలించడానికి రెండు పూల చిత్రాలు, ఇంటికి వచ్చినవాళ్లు మెచ్చుకోవడానికి ఒక తమ్ముడి రూపచిత్రం వేయగలిగితే చాలు. అదే పిల్ల “ఇది నా సరదా కాదు, నా వృత్తి” అన్న రోజున చిక్కులు మొదలయ్యేవి. చదువు చెప్పే కళాశాలలు చేర్చుకోవు. ఒంటరిగా వీధిలోకి వెళ్లనివ్వరు. పెళ్లయితే సంపాదన కూడా చేతికి దక్కదు. ఈ మూడింటితో ఒకేసారి పోరాడిన స్త్రీల కథ ఇది. వాళ్లలో ఇరవై అయిదేళ్లకే చనిపోయిన మారీ బష్కిర్ట్‌సెఫ్ ఆ పోరాటాన్ని తన దినచర్యలో రోజురోజుకూ రాసిపెట్టింది. అందుకే ఈ కథలో ఆమెకు పెద్ద చోటు దక్కుతుంది.

అసలు అడ్డు ఎక్కడ ఉందో తెలియాలంటే ఆనాటి చిత్రకళ చదువు ఎలా సాగేదో తెలియాలి. విద్యార్థి మొదట అచ్చు బొమ్మలు చూసి గీసేవాడు. తరువాత గ్రీకు, రోమన్ శిల్పాల ప్లాస్టర్ నమూనాలు. చివరి మెట్టు, అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎదురుగా నిలబడిన నగ్న మోడల్‌ను చూసి గీయడం. ఎముక ఎక్కడ తిరుగుతుందో, కండ ఎక్కడ బిగుస్తుందో అక్కడే తెలిసేది. పురాణ, చారిత్రక ఘట్టాలను పెద్ద కాన్వాసుల మీద చిత్రించడమే కళలన్నిటిలో ఉత్తమమని అకాడమీలు నిర్ణయించాయి. ఆ చిత్రాలకే పతకాలు, ప్రభుత్వ కొనుగోళ్లు, రోమ్ నగరంలో ఏళ్ల తరబడి చదువుకునే బహుమతి. మనిషి దేహాన్ని నేర్చుకోనిదే అటువంటి చిత్రం వేయడం అసాధ్యం. ఆ దేహాన్ని చూసే తరగతిలోకి స్త్రీలను రానివ్వలేదు. మర్యాద కాదన్నారు.

దాంతో స్త్రీలు తమకు అందుబాటులో ఉన్నవాటినే వేశారు: పూలు, పండ్లు, పిల్లలు, పెంపుడు జంతువులు, ఇంట్లోవాళ్ల రూపచిత్రాలు. అప్పుడు విమర్శకులు, స్త్రీలకు పెద్ద విషయాల మీద ఊహ పోదనీ, చేతిలో సొగసే తప్ప బలం లేదనీ రాశారు. నేర్చుకునే దారి మూసేసి, నేర్చుకోలేదని తప్పుపట్టడం ఆ శతాబ్దమంతా నడిచిన అన్యాయం. అమెరికన్ కళాచరిత్రకారిణి లిండా నోక్లిన్ 1971లో రాసిన ప్రసిద్ధ వ్యాసం, గొప్ప మహిళా చిత్రకారులు ఎందుకు లేరన్న ప్రశ్నకు జవాబును స్త్రీల స్వభావంలో వెతకలేదు. ఈ తరగతి గదుల్లోనే వెతికింది.

గోడమీది బొమ్మలుగా మారిన సభ్యులు

లండన్‌లో రాయల్ అకాడమీ 1768లో మొదలైనప్పుడు వ్యవస్థాపక సభ్యుల్లో ఇద్దరు స్త్రీలున్నారు: ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. కొద్ది ఏళ్లకే యోహాన్ జోఫనీ అకాడమీ సభ్యులందరి సామూహిక చిత్రం వేశాడు. అందులో మగ సభ్యులు మోడల్ చుట్టూ నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. మోడల్ ఉన్న గదిలో స్త్రీలను చూపించకూడదు కాబట్టి ఆ ఇద్దరినీ గోడకు వేలాడే రూపచిత్రాలుగా వేశాడు. ఆ సంస్థలో తరువాతి నూటయాభై ఏళ్లు స్త్రీల స్థితి ఎలా ఉండబోతుందో ఆ ఒక్క చిత్రమే చెబుతుంది. మేరీ మోజర్ 1819లో చనిపోయాక మరో స్త్రీ అకాడమీ పూర్తి సభ్యురాలు కావడానికి 1936 వరకు ఆగవలసి వచ్చింది. ఆమె లారా నైట్.

1859లో 38 మంది మహిళా చిత్రకారులు, అకాడమీ పాఠశాలల్లో తమకూ ప్రవేశం ఇవ్వాలని అర్జీ పెట్టారు. సంతకాలు చేసినవారిలో బార్బరా బోడిషన్ ఉంది. పెళ్లయిన స్త్రీకి ఆస్తి హక్కు కావాలని అంతకుముందే ఉద్యమం నడిపింది ఈవిడే. చిత్రకళ చదువూ ఆస్తి హక్కూ ఒకే సమస్యకు రెండు వైపులని ఆమె తరానికి బాగా తెలుసు. మరుసటి ఏడాది లారా హెర్‌ఫర్డ్ తన చిత్రాల మీద పేరు పూర్తిగా రాయకుండా పొడి అక్షరాలతో సంతకం చేసి పంపింది. పరీక్షకులు మగవాడనుకుని ఎంపిక చేశారు. నిజం తెలిశాక నిబంధనలన్నీ వెతికారు. స్త్రీలు చేరకూడదని ఎక్కడా రాసి లేదు. ఆమెను చేర్చుకోక తప్పలేదు.

అలా స్త్రీలు చేరారు గాని వాళ్లకు మోడల్ తరగతి తెరుచుకోలేదు. 1893 వరకు వాళ్ల అర్జీలు తిరిగి వస్తూనే ఉన్నాయి. చివరికి ఒప్పుకున్నప్పుడు అకాడమీ పెట్టిన షరతు చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. మగ మోడల్ స్నానపు లాగు తొడుక్కోవాలి. దానిమీద 9 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు ఉన్న పల్చటి గుడ్డను నడుముకు చుట్టి, కాళ్ల మధ్యనుంచి తీసి దోపుకోవాలి. అది జారిపోకుండా పైన సన్నటి తోలు పట్టీ బిగించుకోవాలి. అదే అకాడమీలో మగ విద్యార్థుల ముందు నగ్నంగా నిలబడటానికి స్త్రీలు జీతానికి వచ్చేవారు. మోడల్‌గా స్త్రీ ఆ గదిలో ఉండవచ్చు, విద్యార్థిగా ఉండకూడదు. మర్యాద అన్న మాట ఎవరిని కాపాడటానికి వాడారో ఇక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

ఎలిజబెత్ థామ్సన్ 1874లో ‘ది రోల్ కాల్’ అనే క్రిమియా యుద్ధ చిత్రం ప్రదర్శించింది. మంచులో అలసి నిలబడిన సైనికుల హాజరు తీసుకునే దృశ్యం. జనం తోపులాటను ఆపడానికి చిత్రం దగ్గర పోలీసును నిలబెట్టవలసి వచ్చింది. విక్టోరియా రాణి దాన్ని తీసుకుంది. అయినా 1879లో అకాడమీ సభ్యత్వానికి పోటీ చేస్తే ఎలిజబెత్ రెండు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

ప్యాంటు తొడుక్కోవడానికి పోలీసు అనుమతి

ఫ్రాన్సులో తలుపులు తెరవని కాలంలోనే ఒక స్త్రీ మరో దారి వెతుక్కుంది. రోజా బోనర్ 1822లో బోర్డో నగరంలో పుట్టింది. తండ్రి రేమోన్ బోనర్ చిత్రకారుడు. స్త్రీపురుషులు సమానమని చెప్పే సెయింట్ సైమన్ అనుచరుల్లో ఒకడు. తల్లి సోఫీ, చదువు మీద బుద్ధి నిలవని కూతురికి ఒక్కో అక్షరానికి ఒక్కో జంతువు బొమ్మ వేయించి అక్షరాలు నేర్పింది. రోజా పదకొండో ఏట తల్లి చనిపోయింది. బడులు పనికిరాలేదు, కుట్టుపనికి పంపితే అదీ నిలవలేదు. చివరికి తండ్రే చిత్రకళ నేర్పాడు. ఆ కాలపు మహిళా చిత్రకారుల్లో చాలామందికి మొదటి గురువు తండ్రో అన్నో కావడం యాదృచ్ఛికం కాదు. ఇంట్లో చిత్రకారుడు లేని పిల్లకు ఆ మాత్రం శిక్షణ కూడా దొరికేది కాదు.

రోజా లూవ్ర్ మ్యూజియంలో పాత చిత్రాలకు నకళ్లు వేసింది. మనిషి దేహాన్ని చూసే తరగతి ఆమెకు లేదు, జంతువు దేహం చూడటాన్ని ఎవరూ ఆపలేరు. అందుకే పారిస్ కబేళాలకు వెళ్లి, రక్తం మడుగుల్లో నిలబడి, కండరాలు, ఎముకలు నేర్చుకుంది. అకాడమీ ఇవ్వని శరీరశాస్త్రం ఆమె అక్కడ సంపాదించింది. 1848లో పారిస్‌లో జరిగే అధికారిక చిత్రకళా ప్రదర్శన సలోన్‌లో బంగారు పతకం వచ్చింది. ఆ ఏడాదే ప్రభుత్వం చిత్రం వేయమని పురమాయించింది. అదే 1849 నాటి ‘నివెర్నే దుక్కి’. బలమైన ఎద్దులు నాగళ్లు లాగుతూ, తిరగబడ్డ మట్టి ముందుకు పరుచుకున్న చిత్రం. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది.

తరువాత ఆమె కళ్లు గుర్రాల సంత మీద పడ్డాయి. పారిస్‌లో ఓపితాల్ బులెవార్డు మీద జరిగే ఆ సంతలో దళారులు, కాపరులు, బెదిరిన గుర్రాలు తప్ప ఆడమనిషి కనబడదు. గౌను తొడుక్కుని ఈజిల్ పెడితే పని సాగదు. పారిస్‌లో స్త్రీలు మగ దుస్తులు తొడుక్కోవాలంటే పోలీసు అనుమతి ఉండాలని 1800లో చేసిన ఆజ్ఞ ఉంది. రోజా అనుమతి పత్రం తీసుకుంది. ఆరేసి నెలలకు ఇచ్చే ఆ పత్రాల్లో 1857 నాటిది ఇప్పటికీ ఉంది. ఏడాదిన్నర పాటు వారానికి రెండు రోజులు సంతకు వెళ్లి గీసుకున్నదంతా ‘గుర్రాల సంత’ అయింది. సుమారు 5 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న ఈ చిత్రాన్ని 1853 సలోన్‌లో చూపించింది. లండన్ వ్యాపారి ఎర్నెస్ట్ గాంబార్ 40,000 ఫ్రాంకులకు కొన్నాడు. 1887లో కార్నీలియస్ వాండర్‌బిల్ట్ దాన్ని కొని న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చాడు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ దుస్తుల ఆజ్ఞ చెల్లదని ఫ్రెంచి ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది 2013లో.

సొంత సంపాదనతో ఫోంటెన్‌బ్లో అడవి అంచున బీ అనే చోట ఒక కోట లాంటి ఇల్లు కొనుక్కుంది. స్నేహితురాలు నతాలీ మికాతో కలిసి అక్కడ గొర్రెలు, గుర్రాలు, సింహాల మధ్య బతికింది. 1865లో సామ్రాజ్ఞి యూజెనీ స్వయంగా ఆ ఇంటికి వచ్చి లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం పెట్టింది. ఆ గౌరవం అందుకున్న మొదటి చిత్రకారిణి రోజా. ఆమె పెళ్లి చేసుకోలేదు. నెపోలియన్ చట్టం ప్రకారం ఫ్రాన్సులో పెళ్లయిన స్త్రీ సంపాదన మీద హక్కు భర్తదే. తన జీతం తానే ఖర్చు చేసుకునే హక్కు అక్కడి భార్యలకు 1907లో గాని రాలేదు. పెళ్లి చేసుకోకుండా సంపాదించుకున్న రోజా ఆస్తి ఆమె చేతిలోనే ఉంది. చివరికి వీలునామాలో దాన్ని తనకు నచ్చిన మనిషికి, అమెరికన్ చిత్రకారిణి అనా క్లుంప్కెకు రాసిచ్చింది. 1899లో చనిపోయింది.

రోజా విజయం గొప్పదే. అయితే అది ఒక తండ్రి ఉదారత మీద, ఒక స్త్రీ అసాధారణ మొండితనం మీద నిలబడ్డ విజయం. తరువాతి పిల్లలకు అది దారి కాలేకపోయింది.

ఇద్దరు అక్కచెల్లెళ్లు

మోరిజో కుటుంబం సంగతి మరోలా నడిచింది. పారిస్‌లో పెద్ద ఉద్యోగి కుటుంబం. కూతుళ్లకు సరదాగా చిత్రలేఖనం నేర్పించాలని గురువును పెట్టారు. ఆ గురువు జోసెఫ్ గిషార్, ఈ పిల్లల ప్రతిభ సరదా దగ్గర ఆగదనీ, వాళ్లు నిజంగా చిత్రకారులవుతారనీ, మీ వర్గంలో అది విప్లవమే కాదు, ఒక విపత్తు కూడా కావచ్చనీ తల్లిని ముందే హెచ్చరించాడు. ఎద్మా, బెర్త్ ఇద్దరూ కామీ కొరో దగ్గర నేర్చుకున్నారు, ఇద్దరూ సలోన్‌లో చిత్రాలు పెట్టారు. 1869లో ఎద్మా ఒక నౌకాదళ అధికారిని పెళ్లాడి కుంచె వదిలేసింది. 1872లో బెర్త్ వేసిన ‘ఊయల’ చిత్రంలో పసిపాప పక్కన చెంపకు చెయ్యి ఆనించి కూర్చున్న తల్లి ఈ ఎద్మానే.

బెర్త్ 1874లో యూజెన్ మానేను చేసుకుంది. అతను ఆమె పనికి అడ్డు రాలేదు, తోడు నిలిచాడు. ఇంప్రెషనిస్టుల ఎనిమిది ప్రదర్శనల్లో ఏడింటిలో ఆమె చిత్రాలున్నాయి. రానిది ఒక్క 1879లో, కూతురు జూలీ పుట్టిన తరువాత. ఇంత పని చేసి 1895లో చనిపోతే మరణ ధ్రువపత్రంలో ఆమెకు ఏ వృత్తీ లేదని రాశారు.

జూలియన్ అకాడమీ, మారీ బష్కిర్ట్‌సెఫ్

ఫ్రెంచి ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లో చదువుకు రుసుము లేదు. ఆ చదువు మగవాళ్లకే. బయట ఉన్న స్త్రీలకు దొరికిన పెద్ద ఆసరా రొడోల్ఫ్ జూలియన్ 1868లో పారిస్‌లో పెట్టిన ప్రైవేటు అకాడమీ. అక్కడ స్త్రీలకు ప్రవేశం ఉంది. కొన్నాళ్లకు వాళ్లకు విడిగా స్టూడియో వచ్చింది. ముఖ్యమైన సంగతి, నగ్న మోడల్‌ను పెట్టేవారు. బోజార్‌లో చెప్పే స్థాయి గురువులే వచ్చి దిద్దేవారు. కానీ స్త్రీల దగ్గర మగవాళ్లకన్నా దాదాపు రెట్టింపు రుసుము తీసుకునేవారు. ప్రభుత్వం మగవాళ్లకు ఉచితంగా ఇచ్చే చదువును స్త్రీ రెట్టింపు వెల పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. అందుకే అక్కడ చేరినవాళ్లలో ఎక్కువమంది డబ్బున్న కుటుంబాల పిల్లలు, విదేశాలనుంచి వచ్చినవాళ్లు.

1877 అక్టోబరులో ఆ స్టూడియోలోకి వచ్చిన మారీ బష్కిర్ట్‌సెఫ్ కూడా అటువంటిదే. 1858లో నేటి ఉక్రెయిన్‌లోని పొల్టావా దగ్గర ఒక పల్లెలో, భూస్వాముల కుటుంబంలో పుట్టింది. తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి, పిన్ని, తాత వెంట ఐరోపా తిరిగి ఫ్రాన్సులోని నీస్‌లో స్థిరపడింది. గాయని కావాలనుకుంది. గొంతు జబ్బు ఆ ఆశ తీసేసింది. 1873 నుంచి ఫ్రెంచిలో దినచర్య రాస్తూ వచ్చింది. కీర్తి కోసం తన తపనను అందులో ఏమాత్రం దాచుకోలేదు. ఆ కాలంలో ఆడపిల్ల అలా కోరుకోవడమే పెద్ద తప్పు. దాన్ని కాగితం మీద పెట్టడం ఇంకా పెద్ద తప్పు.

స్టూడియోలో చేరిన రోజునుంచి ఆ పిల్ల మారిపోయింది. పొద్దున ఎనిమిదికి వచ్చి, మధ్యాహ్నం గంట విరామం తప్ప సాయంత్రం అయిదు దాకా పని. గురువు టోనీ రోబేర్ ఫ్లరీ మొదటి వారాల్లోనే ఆమె చేతిలో ఉన్న శక్తిని గుర్తించాడు. పందొమ్మిదేళ్లు నిండబోతున్నాయి, మిగిలినవాళ్లు తనకన్నా ఏళ్ల ముందున్నారన్న బెంగ ఆమెను తరిమింది. ముఖ్యంగా లూయీజ్ బ్రెస్లో మీద అసూయ. స్విట్జర్లాండ్‌లో పెరిగి, ఏ సంపదా లేకుండా పారిస్ వచ్చిన బ్రెస్లో ఆ స్టూడియోలో అందరికన్నా మెరుగైన చేయి. బ్రెస్లో ఏం గీసింది, గురువు ఆమెను ఏమన్నాడు అన్నది మారీ పేజీల నిండా ఉంటుంది. పాఠకుడికి ఇది చిన్నతనంగా తోచవచ్చు. నిజానికి ఒక యువతి మరో యువతిని వృత్తిలో పోటీదారుగా చూసి, ఆమెను దాటాలని పని చేయడం ఆ కాలానికి కొత్త. అందం గురించో పెళ్లి సంబంధం గురించో కాదు ఆ అసూయ, గీతలో పట్టు గురించి.

చదువు దొరికింది. స్వేచ్ఛ దొరకలేదు. మారీ ఇంటి ఆడపిల్ల పారిస్ వీధిలో ఒంటరిగా నడవకూడదు. లూవ్ర్‌కు వెళ్లాలంటే బండి రావాలి, తోడు మనిషి రావాలి, ఇంట్లోవాళ్లకు తీరిక ఉండాలి. 1879 జనవరి తొలిరోజుల్లో ఆమె దినచర్యలో ఈ విషయం మీద చాలా ఆవేదనతో రాసింది. తోటల్లో బెంచీల మీద కూర్చోవాలని, దుకాణాల ముందు ఆగాలని, చర్చిల్లోకి, మ్యూజియాల్లోకి తనకు నచ్చినప్పుడు వెళ్లాలని, రాత్రిపూట పాత వీధుల్లో తిరగాలని ఉందని, ఆ స్వేచ్ఛ లేనిదే నిజమైన కళాకారులు కాలేరని ఆమె అభిప్రాయం. స్త్రీలకు శిక్షణ ఎందుకు చాలలేదో చెప్పిన రాతల్లో ఇంత సూటైనది మరొకటి లేదనవచ్చు. చిత్రకారుడికి వీధి కూడా బడే. మగ విద్యార్థి ఆ బడికి రోజూ వెళ్లేవాడు.

1880లో ఆమె చిత్రం మొదటిసారి సలోన్‌లో ప్రదర్శనకు వెళ్లింది, కాస్త మార్చిన పేరుతో. 1881లో జూలియన్ సలహా మీద మహిళల స్టూడియోనే విషయంగా తీసుకుంది. ఈజిళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్న యువతులు, నిలబడి వేస్తున్నవాళ్లు, బల్ల మీద చేతిలో కర్రతో నిలబడ్డ చిన్న పిల్లవాడు మోడల్‌గా. స్త్రీలు చదువుకునే చోటును ఒక విద్యార్థినే చిత్రించిన అరుదైన సాక్ష్యం అది. ఇప్పుడు ఉక్రెయిన్‌లోని ద్నీప్రో నగర మ్యూజియంలో ఉంది.

ఆ ఏడాదే ఆమె మరో పని చేసింది. ఓటు హక్కు ఉద్యమకారిణి ఉబెర్తిన్ ఓక్లేర్ నడిపే ‘లా సితోయెన్’ పత్రికలో పోలీన్ ఒరెల్ అనే మారుపేరుతో రాసింది. ఎకోల్ దె బోజార్ స్త్రీలను ఎందుకు చేర్చుకోదని నిలదీసింది. సొంత కీర్తి తప్ప ఏమీ పట్టని అమ్మాయి అని ఆమెను తేలికగా తీసేసేవాళ్లు ఈ వ్యాసాన్ని మరచిపోతారు. తను రుసుము కట్టగలదు, తనకు జూలియన్ స్టూడియో ఉంది. కట్టలేనివాళ్ల గురించి కూడా ఆమె ఆలోచించింది.

ఆ ఏళ్లలో క్షయ ముదిరింది. చెవులు సరిగా వినబడటం మానేశాయి. పొలాల్లో, వీధుల్లో మనుషులను ఉన్నదున్నట్టు చిత్రించే జూల్ బాస్తియన్ లెపాజ్ ఆమెకు స్నేహితుడూ ఆదర్శమూ అయ్యాడు. 1884 సలోన్‌లో ఆమె ‘సమావేశం’ చిత్రం పెట్టింది. పారిస్ పేదవాడలో ఒక చెక్కగోడ దగ్గర బడిపిల్లలు ఆరుగురు గుమిగూడి ఏదో గంభీరంగా చర్చిస్తున్నారు. చిరిగిన బూట్లు, మాసిన చొక్కాలు, ముందుకు వంగిన మెడలు. కుడివైపు దూరంగా జడ వేసుకున్న ఒక ఆడపిల్ల వీపు చూపిస్తూ వెళ్లిపోతూ ఉంటుంది. వీధి మగపిల్లలదే. జనానికి నచ్చింది, పత్రికలు మెచ్చుకున్నాయి, పతకం మాత్రం రాలేదు. లెపాజ్ సాయం చేసి ఉంటాడన్న పుకారు కూడా పుట్టింది. స్త్రీ బాగా వేస్తే దాని వెనుక మగ చేయి వెతకడం అప్పటి అలవాటు. గుర్రాల సంత కోసం కష్టపడిన రోజాను మగవాడిలా వేస్తుందని పొగిడినదీ ఈ అలవాటే.

1884 అక్టోబరు 31న మారీ చనిపోయింది. ఇరవై ఆరు నిండలేదు. లెపాజ్ డిసెంబరులో చనిపోయాడు. ఆమె దినచర్య 1887లో అచ్చయింది. బ్రిటన్ ప్రధానిగా చేసిన గ్లాడ్‌స్టన్ దాని గురించి రాశాడు, ఐరోపా అంతటా యువతులు చదివారు. అయితే అచ్చులో కుటుంబం చాలా కోత పెట్టింది. పుట్టిన సంవత్సరం కూడా మార్చి, వయసు తగ్గించారు. అసలు రాతప్రతి పారిస్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉంది. పూర్తి పాఠం వెలువడటానికి నూరేళ్లు పట్టింది. ఆమె చిత్రాల్లో చాలా భాగం రెండో ప్రపంచ యుద్ధంలో నాశనమయ్యాయి.

ఆమె అసూయపడిన లూయీజ్ బ్రెస్లో బతికింది, చిత్రాలమీదే సంపాదించుకుంది, 1901లో లీజియన్ ఆఫ్ ఆనర్ అందుకుంది.

ఒక్కొక్కరుగా కాక

రోజా, బెర్త్, మారీ ఒక్కొక్కరుగా పోరాడారు. తలుపు తెరిచింది సంఘం. శిల్పి ఎలెన్ బెర్తో 1881లో మహిళా చిత్రకారుల, శిల్పుల సంఘాన్ని స్థాపించింది. ఏటా ప్రదర్శనలు పెట్టారు. 1885లో మారీ చిత్రాలతో సంస్మరణ ప్రదర్శన ఏర్పాటు చేసింది ఈ సంఘమే. కానీ బెర్తో అసలు లక్ష్యం ఎకోల్ దె బోజార్. 1889లో పారిస్‌లో జరిగిన మహిళల మహాసభలో ఆమె ఈ కోరికను తీర్మానంగా పెట్టింది. ఆ తరువాత ఏళ్ల తరబడి కమిటీలు, అర్జీలు, పార్లమెంటు చర్చలు. స్త్రీలకు వేరే గదులు కట్టాలంటే డబ్బు లేదన్నారు. కలిపి చదివిస్తే క్రమశిక్షణ పోతుందన్నారు. బెర్తో తరువాత 1894లో అధ్యక్షురాలైన విర్జినీ దెమోన్ బ్రెతోన్ అదే పట్టుతో సాగించింది.

1896లో గ్రంథాలయం, ఉపన్యాసాలు తెరుచుకున్నాయి. 1897లో ప్రవేశపరీక్ష రాసి చేరే హక్కు వచ్చింది. మొదటి విద్యార్థినులు లోపలికి రాగానే మగ విద్యార్థులు అరుపులు, గోలలతో అడ్డుకున్నారు. తరగతులు కొంతకాలం ఆపవలసి వచ్చింది. గురువు పర్యవేక్షణలో పనిచేసే స్టూడియో స్త్రీలకు 1900లో విడిగా వచ్చింది. అప్పటికి మారీ చనిపోయి పదహారేళ్లు.

మిగతా దేశాల్లో ఈ మార్పు ఒకే వేగంతో రాలేదు. స్వీడన్ రాజ అకాడమీ 1864లోనే స్త్రీలను చేర్చుకుంది. డెన్మార్క్‌లో 1888లో అకాడమీకి అనుబంధంగా మహిళల పాఠశాల వచ్చింది. ఫిన్లండ్ నుంచి హెలెనె షెర్ఫ్‌బెక్ పదకొండేళ్లకే చిత్రకళ బడిలో చేరి, 1880లో ప్రభుత్వ ధనసహాయంతో పారిస్ వెళ్లింది. చిన్న దేశం ఒక పేద పిల్లకు ఇచ్చిన ఆ ధనసహాయం, పెద్ద దేశాల పెద్ద అకాడమీలు ఇవ్వని అవకాశం. లండన్‌లో స్లేడ్ కళాశాల 1871లో మొదలైనప్పుడే స్త్రీలకు చోటిచ్చింది.

జర్మనీ చాలా వెనుకబడింది. బెర్లిన్ అకాడమీ 1919 వరకు స్త్రీ విద్యార్థులను తీసుకోలేదు. అక్కడి మహిళా చిత్రకారుల సంఘం 1867లో ఏర్పడి సొంత బడి నడిపింది. కేథె కోల్‌విట్జ్ బెర్లిన్, మ్యూనిక్‌లలో మహిళల బడుల్లో చదివింది. ఆమె ‘నేతపనివారు’ ముద్రణ చిత్రాల వరుసకు 1898లో జ్యూరీ బంగారు పతకం సిఫారసు చేస్తే చక్రవర్తి రెండో విల్‌హెల్మ్ ఒప్పుకోలేదు. పౌలా బెకర్ కూడా బెర్లిన్ సంఘం బడిలోనే నేర్చుకుని, 1900 తొలిరోజున పారిస్‌లో దిగి, కొలరొస్సి అకాడమీలో చేరింది. కుంచె కోసం భర్త ఇంటినుంచి మరోసారి పారిస్ వెళ్లి, తిరిగి వచ్చి, 1907లో కూతురు పుట్టిన మూడు వారాల లోపే ముప్ఫయ్యొకటేళ్లకు చనిపోయింది.

ఈ కథలో పేదింటి పిల్ల ఎక్కడ అన్న ప్రశ్న మిగులుతుంది. రుసుములు, రెట్టింపు రుసుములు, పారిస్ ప్రయాణాలు ఆమెకు అందవు. 1865లో పుట్టిన సుజాన్ వాలదోన్ చాకిరీ చేసుకునే తల్లి కూతురు. ఆమె స్టూడియోల్లోకి మోడల్‌గా వెళ్లింది. పువీ ద షవాన్, రెన్వార్, తులూజ్ లొత్రెక్ ఆమెను చూసి చిత్రాలు వేశారు. వాళ్లెలా వేస్తున్నారో ఆమె చూసి నేర్చుకుంది. డెగా ఆమె గీతలు చూసి ప్రోత్సహించాడు, 1894లో సొసైటే నాసియోనాల్ ప్రదర్శనలో ఆమె చిత్రాలు వచ్చాయి. చిత్రకారిణికి మూసిన గది మోడల్‌కు తెరిచే ఉండేది. వాలదోన్ ఆ గదిలో దొరికిన చదువును దొంగిలించినట్టు నేర్చుకుని, తరువాత నగ్న పురుషుడినీ నగ్న స్త్రీనీ ఏ సంకోచమూ లేకుండా చిత్రించింది. మర్యాదకూ కళకూ మధ్య అకాడమీలు గీసిన గీత ఎంత అబద్ధమో ఆమె చిత్రాలే చెబుతాయి.

ఫ్రాన్సులో చివరి అడ్డు రోమ్ బహుమతి. 1663 నుంచి ఇస్తూ వచ్చిన ఆ బహుమతికి పోటీ చేసే హక్కు స్త్రీలకు 1903లో వచ్చింది. 1911లో శిల్పకళలో లూసియెన్ ఉవెల్‌మాన్స్ గెలుచుకుంది. చిత్రకళలో మొదటిసారి ఒక స్త్రీకి, ఒదెట్ పోవెర్‌కు, అది దక్కింది 1925లో.